గెడ్డలో ఆరబెట్టిన తాండ్ర

ఎర్రగెడ్డలో నీళ్లు చూడాలంటే శ్రావణంలోనో భాద్రపదంలోనో రావాలి. మిగతా రోజుల్లో అది గెడ్డ కాదు, వాగు కాదు, శృంగవరపుకోటలో ఆ వీధివాళ్లందరికీ ఉమ్మడి పెరడు. కొండల మీంచి దిగి, రైలు వంతెన కిందుగా వచ్చి, ఇళ్ల వెనకమెట్లను రాసుకుంటూ పోయే ఆ ఇసుకలో జరగని పని లేదు. దాలమ్మ బట్టలు ఆరేస్తుంది. ఆటోవాళ్లు ఆటోలు నిలుపుకుంటారు. ఇల్లు కట్టేవాళ్లు కంకర పోసుకుంటారు. పిల్లలు క్రికెట్టాడతారు. పెళ్లయితే షామియానా అక్కడే, పుష్పవతి ఫంక్షనయితే కుర్చీలు అక్కడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లు వంతెన కింద నీడలో చాపలు పరుచుకుని పేకాడతారు. అది గెడ్డ అన్న సంగతి గెడ్డకే గుర్తుండాలి.

అయితే ఆ ఇసుక మీద మామిడి తాండ్ర ఆరబెట్టిన మొదటి మనిషి మాత్రం దుర్గాభవానే.

ఆ ఇంట్లో తాండ్ర అంటే మామూలు వ్యవహారం కాదు. భవాని అత్తగారు గురమ్మ పుట్టిల్లు తాండ్రకి పేరుపడ్డ భీమాళి పక్కన. ఆ చుట్టుపక్కల పుట్టిన ఆడపిల్లకి తాండ్ర వెయ్యడం ఎవరూ నేర్పనక్కర్లేదని ఆవిడ నమ్మకం. అక్కడ పుట్టనివాళ్లకి నేర్పినా రాదని ఇంకా గట్టి నమ్మకం. తోటలో ఉన్నవి కొద్దిపాటి కోలంగోవా మామిడిచెట్లే. ఆ కాయలన్నీ ఏటా ఆవిడ చేతిలో రసమై, ఈతచాప మీద పూత మీద పూతగా ఎండి, జ్యేష్ఠంలో ముక్కలై చుట్టాలిళ్లకి వెళతాయి. ముక్క అందనివాళ్లు ఆపై ఏ శుభకార్యంలో ఎదురుపడినా సంగతి గుర్తు చేస్తారు.

అలాంటిది, ఈ ఏడు సరిగ్గా కాయ దిగే వేళకి గురమ్మ నూతిగట్టు దగ్గర జారిపడింది. కుడిచెయ్యి మణికట్టు విరిగి పిండికట్టు పడింది.

"తాయారుకి ఫోన్ సేస్తాను, వొచ్చి ఏసీసి ఎల్తాది," అంది కట్టు మెడకి వేలాడేసుకుని వరండాలో కూర్చుంటూ.

తాయారు గురమ్మ తమ్ముడి భార్య. తాండ్ర వెయ్యడంలో గురమ్మంతటిదని పేరు. కిందటేడు ఒక పెళ్లికని వచ్చి వారం రోజులుంది. ఆ వారంలో వంటింట్లోకి వచ్చినప్పుడల్లా ముక్కు దగ్గర పవిట చెంగు పెట్టుకుని, "ఏటో వాసనేస్తన్నాదే," అనేది. ఆ పొయ్యి మీద ఉన్నది వంకాయ కూరయినా సరే. భవాని పుట్టిల్లు చింతపల్లి సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె. విజయనగరంలో బీకాం చదువుతూ గోపిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. వాళ్ల పెళ్లికి గురమ్మ వచ్చింది, అక్షింతలు వేసింది, భోజనం మాత్రం చెయ్యలేదు. ఏడాదిన్నర కాపురంలో అత్తగారితో ఎలాగో సర్దుకొచ్చింది గానీ, తాయారు పవిట చెంగుని మాత్రం భవాని మరిచిపోలేదు.

"నేనేస్తానత్తా తాండ్ర," అంది.

గురమ్మ కోడల్ని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? ఒసే, తాండ్రంటే సేపలెండబెట్టడం కాదే."

"రెండూ ఎండలోనే కదత్తా ఆరతాయి."

"నోరు సూడు దీనికి!" అంది గురమ్మ. భర్త వైపు తిరిగింది. "సూసినావా నీ కోడల్ని?"

జగన్నాధం అప్పటికే చెప్పులేసుకుని పేకాటకి బయల్దేరుతున్నాడు. "ఎయ్యనియ్యి. బాగుంటే తిందాం. నేదంటే తాయారు ఎలాగూ ఉన్నాది," అన్నాడు.

పందెం ఆ మాటతోనే ఖాయమైపోయింది. తాండ్ర కుదిరితే తాయారు రాదు. చెడితే వస్తుంది, ఈ ఏడే కాదు, ఇక ఏటా వస్తుంది. వచ్చి ఆ వంటింట్లో నిలబడి పవిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది.

గురమ్మ వరండా కుర్చీలోంచే పని నడిపించింది. రసం జల్లెడలో పొయ్యకూడదు, పల్చటి పంచెలో వడకట్టాలి. గరిటె వాడకూడదు, అరచేత్తో పరవాలి. కిందపూత పెళపెళలాడేలా ఆరితే తప్ప పైపూత వెయ్యకూడదు, వేస్తే లోపల పులిసిపోతుంది. భవాని ఒక్కమాటా ఎదురు చెప్పకుండా చేసింది. మొదటి పూత డాబా మీద వేసింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే చాపనిండా కోతుల వేళ్ల గీతలు. కొండ దిగి వచ్చిన మంద ఒకటి తీరిగ్గా నాకి వెళ్లింది. వంట చేసుకోవాలా, డాబా మీద కర్ర పట్టుకుని కూర్చోవాలా?

అప్పుడు తోచింది భవానికి. వాళ్ల పల్లెలో ఏది ఆరాలన్నా ఇసుక మీదే ఆరుతుంది. వెనకమెట్ల కింద ఇంత ఇసుక పెట్టుకుని డాబా ఎక్కడమెందుకు? పిల్లల అరుపులకీ వీధికుక్కలకీ జడిసి కోతులు గెడ్డలోకి దిగవు. నులకమంచం తెచ్చి మెట్ల కింద వేసింది. దాని మీద ఈతచాప, చాప మీద కొత్త పూత, పైన ఈగలు వాలకుండా పల్చటి నూలుగుడ్డ. కింద ఇసుక వేడి, పైన ఎండ. రెండు రోజులకి ఆరే పూత ఒక్క పగటికే ఆరిపోవడం మొదలెట్టింది. గురమ్మ బాగుందని అనలేదు. గోపి సాయంత్రం విజయనగరంలో ఉద్యోగం నుంచి వస్తూనే మాత్రం, "ఒరే, ఎల్లి అంచు నొక్కి సూడు, ఏలుకి అంటుకుంతన్నాదో నేదో," అని పంపించేది.

రోజూ పొద్దున్నే పూత వేసే ముందు భవాని ఆకాశం చూసేది. అది పుట్టింటి అలవాటు. వాళ్ల నాన్న పడవ దింపేముందు చూసేది తూర్పుకే, సముద్రం వైపుకే. వాన, గాలి, ఏదొచ్చినా అటునుంచే. ఇక్కడా మెట్ల మీద నిలబడి తూర్పుకే చూసేది. నిర్మలంగా ఉంటే రసం గిన్నె అందుకునేది. వీపు వెనక, పడమట, కొండలున్నాయని, గెడ్డ వచ్చేది ఆ కొండల్లోంచేనని తెలియక కాదు. కానీ కళ్లు అలవాటుపడ్డ వైపుకే వెళతాయి. ఆమె ఎటు చూస్తోందో ఎవరూ గమనించలేదు, ఆమె కూడా గమనించుకోలేదు.

తాండ్ర వేలి మందానికి వచ్చింది. రోజూ సాయంత్రం తాయారు ఫోన్. "ఏటొదినా, రమ్మంటావేటి?" గురమ్మ రోజూ ఒకటే జవాబు. "సూద్దాం." ఆ మాట వంటింట్లోకి వినపడినప్పుడల్లా భవానికి చేతిలో ఉన్న గిన్నె ఎత్తి కింద పడెయ్యాలనిపించేది.

రోహిణి కార్తె ఎండ పెట్రేగిన రోజు అది. ఇంకో పూతో రెండు పూతలో వేస్తే చాలని గురమ్మ ఒప్పుకుంది. ఆ పొద్దుటి పూత వేసి, వంట ముగించి, అందరి భోజనాలూ అయ్యాక, భవాని కాకుల్ని అదిలించే కర్ర ఒళ్లో పెట్టుకుని వెనకమెట్ల మీద కూర్చుంది. అత్తగారు లోపల ఫాను కింద నడుం వాల్చింది. మావగారు వంతెన కింద ముక్కలు కలుపుతున్నాడు. బడికి సెలవులు గనక పిల్లలు ఎండనీ లెక్కచెయ్యకుండా బంతి కొడుతున్నారు.

కళ్లు మూతలు పడుతుండగా సముద్రం వినపడింది.

మొదట సన్నగా. తర్వాత ఆగకుండా, ఒకే తీరున, కింది స్వరంలో. పోటు వచ్చే వేళ వాళ్లింట్లో అరుగు మీద పడుకుంటే వినపడే చప్పుడే. ఎన్నాళ్లయింది విని! భవాని మొహం మీదికి నవ్వొచ్చింది. ఇప్పుడు అమ్మ చేపలు తిరగేస్తూ ఉంటుంది, తొందరగా తీసెయ్యాలి కాబోలు అనుకుంది. పాదాలకి చల్లగాలి తగిలింది, తడి వాసన వచ్చింది. పోటు ఇవాళ పెద్దదే అనుకుని, కర్ర పక్కన పెట్టి, గోడకి ఇంకాస్త చేరబడింది.

అంతలోనే కళ్లు తెరిచింది. ఇక్కడినుంచి సముద్రం దగ్గరికి వెళ్లాలంటే విజయనగరంలో బస్సు మారాలి.

లేచి నిలబడి, పెళ్లయిన ఇన్నాళ్లలో మొదటిసారిగా ఆకాశం కోసం పడమటికి తిరిగింది. నెత్తిమీద ఎండ మాడ్చేస్తోంది. అటు కొండల్లేవు. కొండలుండాల్సిన చోట మసి పూసినట్టు ఒకటే నలుపు, అందులో మెరుపులు.

"గెడ్డొస్తన్నాదీ!" అని గట్టిగా అరిచింది. పిల్లలు వికెట్లు పీక్కుని గట్టెక్కేశారు. దాలమ్మ దండెం మీది బట్టలు ఒక్క లాగుడుతో లాగేసింది. భవాని మెట్లు దిగి మంచం కోడు పట్టుకుంది. ఒక్కతే ఎత్తలేదు. చాప మాత్రం తీద్దామని వంగింది. అప్పుడు గుర్తొచ్చింది, వంతెన కింద నీడలో కూర్చున్నవాళ్లు. ఇంత అరిచినా అటునుంచి ఒక్కరూ రాలేదు.

చాప వదిలేసింది. గట్టెక్కి, కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందో అటే పరిగెత్తింది.

వంతెన కింద ఆట రసపట్టులో ఉంది. జగన్నాధం ముక్కలు గుండెకి ఆనించి పట్టుకుని, పై ముక్క కోసం చెయ్యి చాపాడు. ఎదురుగా సూరయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైన మనిషి.

"మావయ్యా! గెడ్డొస్తన్నాది, లెగండి!"

"గెడ్డేటమ్మా, ఈ ఎండలోన?" అన్నాడు సూరయ్య తలెత్తకుండానే. "గూడ్సది. పైనుంచి ఇనపరాయి దించుకొస్తన్నాది. ఇంజినొకటి కాదు కదా, సప్పుడలాగే ఉంటాది."

"షో కొట్టబోతన్నాను, ఆగమ్మా కాసేపు," అన్నాడు జగన్నాధం.

భవానికి ఒళ్లు మండింది. "గూడ్సయితే వంతెన వొణకాలి కదండీ! సూడండి, వొణుకుతన్నాదేటి?"

నలుగురూ తలలెత్తి పైకి చూశారు. ఏళ్ల తరబడి ఆ నీడలో కూర్చున్నవాళ్లు. గూడ్సు వస్తే నెత్తిన దుమ్ము రాలుతుందని, ముక్కలు చాప మీద ఎగురుతాయని వాళ్లకి తెలుసు. దుమ్ము రాలలేదు. ముక్కలు కదల్లేదు. చప్పుడు మాత్రం పెరుగుతోంది.

"ఓలమ్మో!" అన్నాడు సూరయ్య. ఆ వయసులో అంత చలాకీగా ఆయన గట్టెక్కడం వీధి మళ్లీ చూడబోదు. జగన్నాధం లేచినవాడు లేచినట్టే వెనక్కి వంగి చెప్పులు వెతుక్కోబోతే, భవాని చొక్కా పట్టుకుని లాగింది. ఆయన గట్టెక్కాడు, ముక్కలు ఇంకా గుండెకి ఆనించే ఉన్నాయి.

గెడ్డ వచ్చింది. మొదట ఎండుటాకులు, పుల్లలు, నీళ్లసీసాలు, ఒంటి చెప్పులు అన్నీ కలిసి ఎర్రటి నురగలో దొర్లుకుంటూ వచ్చాయి. ఇదేనా అనుకునేలోపు వెనక అసలు నీళ్లు వచ్చాయి. పేకాట చాప గిర్రున ఒక చుట్టు తిరిగి మునిగిపోయింది. ఆటోవాళ్లు ఆటోల్ని గట్టుమీదికి తోసేశారు గానీ, కంకర కుప్ప ఒకటి అందరి కళ్లముందే కరిగిపోయింది.

భవాని ఇంటివైపు చూసింది.

వెనకమెట్ల కింద, చీలమండల లోతు నీళ్లలో, గురమ్మ. జుట్టు విడిపోయి ఉంది. పిండికట్టు చెయ్యి ఎత్తి పట్టుకుని ఉంది. మంచం ఎత్తడం ఆవిడ వల్ల ఎలాగూ కాదు. ఉన్న ఒక్క చేత్తో ఆవిడ నూలుగుడ్డ లాగి పారేసింది, చాప ఒక అంచు పట్టుకుని చీర మడత పెట్టినట్టు సగానికి మడిచింది, మడిచిన చాపని చంటిపిల్లలా చంకనేసుకుని మెట్లెక్కింది. ఆవిడ పై మెట్టు మీద కాలు పెట్టేసరికి నులకమంచం కాళ్లు లేచి, ఎవరో మోసుకుపోతున్నట్టు దిగువకి సాగిపోయింది.

అంతా ఆ ఇంటి పెరట్లో చేరాక గురమ్మకి ఊపిరి తిరిగింది. ఊపిరి తిరగ్గానే నోరూ లేచింది.

"ఒసే! తాండ్రొగ్గీసి ఈ పేకాటోళ్ల కోసం పరిగెడతావేటే!"

"అదేటి? నాకన్నా నీకు తాండ్రెక్కువేటి?" అన్నాడు జగన్నాధం.

"తాండ్ర ఇన్నాళ్లు ఎండలోన మాడినాది. నువ్వేటి సేసినావు? నీడలో కూకున్నావు!"

సూరయ్య మొహం తుడుచుకుంటూ, "అది కాదమ్మా, ఈ పాప రాకపోతే మేమీపాటికి తాటిపూడి డేములో తేలుదుం. అయినా నీకెలా తెలిసినాదమ్మా అంత ముందుగా?" అని అడిగాడు.

భవానికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "నాకూ తెలీలేదు బాబాయ్. సముద్రమనుకున్నాను."

"సముద్రమా!" అంది గురమ్మ.

"మా ఊరి సముద్రం అత్తా. ఎన్నాళ్లకో విన్నానని... కాసేపు కళ్లు మూసుకుని వింటా కూసున్నాను."

సూరయ్య నవ్వడం మొదలెట్టాడు. "మేం గూడ్సనుకున్నాం. ఈ పాప సముద్రమనుకున్నాది. గెడ్డని గెడ్డనుకున్నోడు ఒక్కడూ నేడు!" గురమ్మ కూడా నవ్వింది. కట్టు కదిలి నొప్పి పెట్టి, "అమ్మ!" అంటూనే నవ్వింది.

నవ్వులయ్యాక చాప సంగతి మిగిలింది. భవాని దాన్ని వరండాలో పరిచి మెల్లిగా తెరవబోయింది. రాలేదు. పొద్దుటి పచ్చిపూత లోపల ఒకదానికొకటి అతుక్కుపోయింది. కాస్త బలం చేస్తే చిరిగిపోయేలా ఉంది. ఇన్నాళ్ల తాండ్ర చాప రెండు మడతల మధ్య ఒకటే ముద్ద. తడి అంటలేదు, ఇసుక పడలేదు, కానీ తాండ్ర అనేది ఇలా ఉండదు. భవానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లముందు పవిట చెంగు కనపడింది.

"పోయినట్టే కదత్తా?"

గురమ్మ అంచు దగ్గర గోటితో చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుని చాలాసేపు నానబెట్టింది. ఆ సాయంత్రం తాయారు ఫోన్ వచ్చింది. గురమ్మ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. "మోగనియ్యి," అంది.

మర్నాడు గెడ్డలో ఇసుక తడిసి నల్లగా ఉంది. గురమ్మ ఆ వైపు వెళ్లనివ్వలేదు. మడిచిన చాపని మడిచినట్టే డాబా మీదికి ఎక్కించమంది. తనూ గోడ పట్టుకుని మెట్లెక్కింది. కుర్చీకి గొడుగు కట్టించుకుని, ఎడమచేత్తో కర్ర పట్టుకుని చాప పక్కనే కూర్చుంది. కోతులు వచ్చి పిట్టగోడ మీద బారుగా కూర్చున్నాయి. గురమ్మ వాటినీ, అవి గురమ్మనీ పొద్దస్తమానం చూసుకున్నాయి. భవాని అన్నం డాబా మీదికే పట్టుకెళ్లింది. అలా కొన్నాళ్లు జరిగింది. తాయారు ఫోన్ రోజూ మోగుతూనే ఉంది. ఆ కొన్నాళ్లూ ఆకాశం రెండు వైపులా చూడడం భవాని పని.

ఒకరోజు పొద్దున్న గురమ్మ పిలిచింది. "రా. పైసాప తియ్యి. మెల్లిగా, అంచునుంచి."

భవాని ఊపిరి బిగబట్టి తీసింది. చాప ఎండి పెళుసెక్కింది. చిటపటమని చప్పుడు చేస్తూ తాండ్రని వదిలి లేచివచ్చింది. లోపలి అతుకు ఎక్కడుందో తెలియలేదు. మామూలు తాండ్రకి కిందివైపే ఈతచాప అల్లిక అచ్చు పడుతుంది. దీనికి పైనా పడింది, కిందా పడింది. గురమ్మ కత్తిపీట తెప్పించి మూలముక్క కోయించింది. కోత నిగనిగలాడుతూ, మధ్యలో బెల్లంరంగు గీత ఒకటి తప్ప, పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంది. మందం మాత్రం ఎవరూ చూడనంత మందం. ఆవిడ సగం తాను తిని, సగం కోడలి నోట్లో పెట్టింది. పెట్టాక తానేం చేసిందో తట్టినట్టు, గబుక్కున అటు తిరిగి కోతుల్ని తిట్టింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగితే గురమ్మ ఎత్తింది.

"ఏటొదినా, ఇన్నాళ్లు ఫోనెత్తవు! మీ తాండ్ర గెడ్డలో కొట్టుకుపోయినాదట గదా? వొచ్చీమంటావేటి?"

"ఎవులు సెప్పినారు? పోయింది మంచం. తాండ్ర ఇంట్లోనే ఉన్నాది."

"మరి మడత పడి అంటుకుపోయినాదనీ..."

"అంటుకుపోడమేటి తాయారూ! అది మా కోడలి పద్ధతి. రెండేపులా సాప అచ్చు పడతాది. ముక్క పంపిస్తానుండు, మందం సూసి నువ్వు మూర్ఛోతావు. మీ భీమాళిలో ఎవులికీ రాదది."

గురమ్మ వచ్చే ఏడు కూడా రానక్కర్లేదని తియ్యగా చెప్పి ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీంచి చేపల పులుసు దించుతున్న భవానిని కేకేసింది.

"ఒసే భవానీ, ఆ పద్ధతేటో నాకూ ఓసారి సరిగ్గా సెప్పే. రేపది మళ్లీ ఫోన్ సేసి అడుగుతాది."